రెండో పంక్తి

సైన్సు ల్యాబులో కటకాల బీరువా వెనుక నిలబడి ఫెబినా ఉడికించిన గుడ్డు తింటున్నప్పుడు తలుపు తెరుచుకుంది. రంజాన్ మొదటి వారం, మిట్టమధ్యాహ్నం. వాన హోరులో అడుగుల చప్పుడు ఆమెకు వినిపించలేదు.

వచ్చినవాడు షమ్మాస్. ఆ జూన్‌లోనే బడిలో చేరిన కొత్త లెక్కల మాస్టారు, ఇక్కడివాళ్లకు మాష్. అతని చూపు గుడ్డు మీద పడింది, గుడ్డు మీది నుంచి ఆమె ముఖం మీదికి వెళ్లింది, అక్కడ నిలవలేక కిటికీ మీదికి పారిపోయింది.

"గ్రాఫు కాగితాలు ఇక్కడున్నాయన్నారు."

"తలుపు కొట్టడం లెక్కల్లో నేర్పరా, మాష్?"

"కొట్టాను టీచర్. వాన నాకంటే గట్టిగా కొట్టింది."

ఫెబినా నవ్వలేదు. కాగితాలు ఏ అరలో ఉన్నాయో చేత్తో చూపించింది. అతను తీసుకుని, మరోసారి కిటికీ వైపు చూసి వెళ్లిపోయాడు.

నెలలో కొన్ని రోజులు స్త్రీకి ఉపవాసం లేదు. ఆ రోజుల్లో చాటుగా తినే స్త్రీ కంటబడితే చూడనట్టు వెళ్లిపోవడం తలశ్శేరి మర్యాద. షమ్మాస్ ఆ మర్యాద పాటించాడు. అయితే ఆ మర్యాదకొక గడువుంది. మరుసటి వారం కూడా అదే బీరువా వెనుక, ఈసారి ఉడికించిన పెసల గిన్నెతో ఆమె కనబడేసరికి అతని నోరు ఊరుకోలేదు.

"సైన్సు చదివినవాళ్లకి ఉపవాసాల మీద నమ్మకం తగ్గుతుందంటారు. నిజమేనా టీచర్?"

"లెక్కలు చదివినవాళ్లకి పరాయివాళ్ల కంచాలు లెక్కపెట్టే జబ్బు వస్తుందంటారు. అది కూడా నిజమేనా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. తలుపు మెల్లగా మూసి వెళ్లాడు. మర్నాటి నుంచి ఆ వేళకు ల్యాబు బయటి బెంచీ మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దడం మొదలుపెట్టాడు. వరండాలోకి జల్లు కొడుతున్నా లేవలేదు. తడిసిన పేపర్లు మోకాళ్ల మీద పరుచుకుని, లోపలికి వెళ్లబోయిన ప్రతి విద్యార్థినీ ఆపాడు.

"లోపల ప్రయోగం జరుగుతోంది. తరవాత రండి."

తలుపు వెనుక పెసలు తింటున్న ఫెబినాకు ఆ మాట వినబడింది. ఆమె అప్పుడు నవ్వింది, తలుపు మూసి ఉంది కనుక.

*

ఫెబినాకు టైప్ టూ డయాబెటిస్ పాతికేళ్లకే వచ్చింది. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇంట్లో తల్లి సఫియా, కన్నూరులో డాక్టరమ్మ, అంతే. తలశ్శేరిలో డాక్టర్లు లేక కన్నూరు వెళ్లలేదు. తలశ్శేరి ఆసుపత్రి వరండాలో కూర్చుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని వెళ్లారు.

మొదటి నెల మెట్‌ఫార్మిన్ ఆమె కడుపును కల్లోలం చేసింది. పరగడుపున వేసుకోకూడదని, భోజనంతో వేసుకోవాలని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. వేలు గుచ్చి చూసుకుంటూ తన శరీరాన్ని తానే పాఠంలా చదివింది. చేపల పులుసుతో రెండు బియ్యపు రొట్టెలు తింటే ఫరవాలేదు. మూడోది ఒప్పదు. పండిన నేంద్రం అరటిపండు వద్దు, పచ్చిది కూర చేసుకోవచ్చు. అన్నం ముందు కూర తింటే ఒక అంకె, కూర ముందు అన్నం తింటే మరో అంకె. పొద్దున వేసుకునే రెండో మాత్ర మాత్రం కఠినమైనది. మనిషి తిందా లేదా అని అది విచారించదు, చక్కెరను దించడమే దాని పని. అందుకే మధ్యాహ్నం ఆమె తినక తప్పదు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా వచ్చి మందులు మార్పించుకోమని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. రోగికి మతం ఇచ్చిన మినహాయింపు కూడా స్పష్టంగానే ఉంది. స్పష్టత లేనిది ఇంట్లోనే.

సఫియా ఆ మాత్రలను కాల్షియం డబ్బాలో పోసి పెట్టేది.

ఇదే ఇంట్లో సఫియా అన్న ఉస్మాన్‌కు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. ఆయన విందుల్లో మాత్రను జేబులోంచి తీసి అందరికీ చూపించి, "ఇదిగో లైసెన్సు" అని, పంచదార పాకంలో దారాలుగా ఉడికించిన గుడ్డుసొన మీద, అంటే ముట్టమాల మీద, చెయ్యి వేస్తాడు. అందరూ నవ్వుతారు. ఆయన ఎడమకాలికి ఇప్పుడు రెండు వేళ్లు లేవు. హాస్యం మాత్రం చెక్కుచెదరలేదు.

మగవాడికి వస్తే అది షుగరు. ఆడపిల్లకు వస్తే అది రహస్యం.

*

రంజాన్ సగం గడిచాక షమ్మాస్ ఇంటి నుంచి సంబంధం అడుగుతూ కబురు వచ్చింది. సఫియా ముఖం వెలిగింది. ఆ వెలుగులోనే ఆమె కూతురి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"మోళే, నీ నోటి నుంచి ఒక్క మాట బయటికి రాకూడదు."

"ఎన్నాళ్లుమ్మా? పెళ్లయ్యాక ఒకే ఇంట్లో ఉంటాడు కదా?"

"ఉంటే? మనవాళ్లలో పెళ్లికొడుకే పిల్ల ఇంటికి వస్తాడు. ముందుగదిలో మొదటి పంక్తిలో కూర్చుంటాడు, వడ్డించింది తింటాడు, లేస్తాడు. నువ్వు మాతో పాటు ఇక్కడ, రెండో పంక్తిలో తింటావు. పెళ్లాం కంచంలో ఏముందో ఏ మొగుడికి తెలుసే? మీ ఉప్పా బతికున్నన్నాళ్లూ నేను చేప తిననని ఆయనకి తెలియదు."

ఫెబినా తల్లి వైపు చూసింది. ఆ మాటల్లో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. ఆమెను భయపెట్టింది అదే. పెళ్లి చేసుకున్న మనిషి ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు ఉండవచ్చు. పిల్లలు పుట్టవచ్చు. ఆమె చూపు మసకబారవచ్చు, మూత్రపిండాలు అలసిపోవచ్చు. అతను ముందుగదిలో చెయ్యి కడుక్కుంటూ వంట బాగుందని మెచ్చుకుంటూనే ఉండవచ్చు. అటువంటి పెళ్లి ఆమెకు అక్కర్లేదు. షమ్మాస్ అక్కర్లేదని మాత్రం ఆమె మనసు చెప్పలేకపోయింది.

మర్నాడు ల్యాబు బయటి బెంచీ దగ్గర ఆమె ఆగింది. జల్లుకు అతని చొక్కా ఒక భుజం మేర తడిసి ఉంది.

"మీకొక విషయం చెప్పాలి మాష్. ఈ సంబంధం ముందుకు వెళ్లకముందే."

"ఉపవాసం సంగతేనా?" అతను పేపర్లు పక్కన పెట్టి లేచాడు. ఆ క్షణానికి రెండు రోజులుగా సిద్ధమవుతున్నట్టున్నాడు. "చెప్పక్కర్లేదు. నేనంత సంకుచితంగా ఆలోచించే మనిషిని కాదు. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా నాకు ఒకటే. నేనేమీ అనుకోను. మా ఉమ్మకి కూడా చెప్పను."

తాను చేయని తప్పును ఒక పురుషుడు అంత ఉదారంగా మన్నిస్తుంటే ఏ ముఖం పెట్టాలో ఆమె చదివిన పుస్తకాల్లో లేదు.

"మీరు చాలా గొప్పవారు" అంది.

"అబ్బే, అదేం లేదు."

"లేదని నాకూ ఇప్పుడే తెలిసింది."

ఆమె వెళ్లిపోయింది. షమ్మాస్ ఆ వాక్యాన్ని సాయంత్రం దాకా సాధించాడు గానీ జవాబు రాలేదు.

*

ఇఫ్తార్‌కు షమ్మాస్ ఇంటివాళ్లను సఫియా పిలిచింది. ఆడవాళ్లు మధ్యాహ్నమే వచ్చారు. షమ్మాస్ తల్లి కుంజీబి, అక్క రసీనా. వాళ్లు వచ్చింది పనిలో సాయానికి, పిల్లను దగ్గరగా చూడడానికి కూడా. అంటే ఫెబినా ఆ రోజు ఎవరి కంటా పడకుండా తినే వీలు లేదు.

"ఒక్కరోజే కదా" అంది సఫియా తెల్లవారుజామున. "సహరీ బాగా తిను. మాత్రలు రోజూ వేసుకున్నట్టే వేసుకో. ఏం కాదు."

రోజూ వేసుకున్నట్టే వేసుకోవడంలోనే ప్రమాదమంతా ఉందని ఫెబినాకు తెలుసు. అయినా తల్లి కళ్లలోని దీనత్వం చూసి వేసుకుంది. చదువుకున్నవాళ్లు తప్పు చేసేది తెలియక కాదు, ఎవరినో నొప్పించలేక.

అసరు, అంటే సాయంత్రపు నమాజు తరవాత షమ్మాస్, మిగతా మగవాళ్లు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. వంటిల్లు నూనె పొగతో, మాటలతో నిండింది. ఫెబినా పత్తిరి రొట్టెల పిండి ఒత్తుతోంది. ఎదురుగా కుంజీబి నేంద్రం పండు ముద్దలో కొబ్బరి కూరి ఉన్నక్కాయలు చుడుతోంది.

"మావాడు చిన్నప్పుడు వీటిని లెక్కపెట్టి తినేవాడు" అంది కుంజీబి. "లెక్క తప్పిందని మళ్లీ మొదటి నుంచి తినేవాడు."

"అందుకే లెక్కల మాష్ అయ్యాడు" అంది రసీనా. "ఇప్పటికీ లెక్క తేలలేదు, పొట్ట మాత్రం తేలింది."

అందరూ నవ్వారు. ఫెబినా కూడా నవ్వబోయింది. పెదవులు తనవి కానట్టు అనిపించాయి. మెడ వెనుక చల్లని చెమట పట్టింది. చేతిలో అప్పడాల కర్ర వణికింది. గోడ మీది క్యాలెండరులో అంకెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. కారణం లేకుండా ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరి మీదా కోపం వచ్చింది. ఆ కోపం కూడా రోగ లక్షణమేనని ఆమెకు తెలుసు. అందులో కొంత మాత్రం రోగానిది కాదు.

సఫియా కూతురి ముఖం చూసింది. దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "ఇంక కాస్సేపే. అజాన్ అయిపోతుంది. ఓర్చుకో మోళే, నా పరువు."

ఫెబినా అప్పడాల కర్ర కింద పెట్టింది. అతిథుల కోసం గ్లాసుల్లో పోసి ఉంచిన తరిక్కంజి దగ్గరికి గోడ పట్టుకుని నడిచింది. రవ్వ, పాలు, పంచదార. ఒక గ్లాసు తీసుకుని నిలబడే తాగింది. సగానికి ఆగి, ఊపిరి తీసుకుని, మిగతాదీ తాగింది.

"అజాన్ ఇంకా కాలేదు మోళే" అంది రసీనా నెమ్మదిగా, ఎవరో నిద్రలో నడుస్తుంటే చెప్పినట్టు.

"తెలుసు ఇత్తా. నాకు షుగర్ ఉంది. రెండేళ్లయింది. పొద్దున మాత్ర వేసుకున్నాను. ఇప్పుడు తాగకపోతే అజాన్ వినడానికి నాకు స్పృహ ఉండదు."

నూనెలో ఉన్నక్కాయలు మాడుతున్నా ఎవరూ కదల్లేదు. సఫియా చేతిలోని గరిటె గట్టు మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. కుంజీబి కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆమె నుదుటి మీద కూడా చెమట ఉంది. అందరూ అది పొయ్యి వేడి అనుకున్నారు.

పరదాకు అవతల, ముందుగదిలో, మగవాళ్ల మాటలు కూడా ఆగిపోయాయి. ఎవరూ లోపలికి రాలేదు.

*

తరవాత కబురు లేదు. బెంచీ ఖాళీగా ఉంది. షమ్మాస్ స్టాఫు రూములో తల వంచుకుని పేపర్లు దిద్దుకున్నాడు. ఇంట్లో సఫియా కూతురితో మాట్లాడింది గానీ, వాక్యాలు "అన్నం" అని మొదలై "ఉంది" అని ముగిసేవి. ఫెబినా మధ్యాహ్నం ల్యాబుకు వెళ్లడం మానేసింది. స్టాఫు రూములో, తన బల్ల దగ్గర, అందరి ఎదుట డబ్బా తెరిచి తింది. మొదటి రోజు గుసగుసలు వినబడ్డాయి. ఆ తరవాత వినబడలేదు. సిగ్గు పడనివాళ్ల మీద గుసగుసలు ఎక్కువ కాలం నిలవవు.

రాత్రిళ్లు మాత్రం ఆమెకు వాన చప్పుడులో ఎవరో విద్యార్థులను ఆపుతున్నట్టు వినిపించేది. దానికి మాత్ర లేదు.

ఒక సాయంత్రం, బడి వదిలాక, కుంజీబి ఒంటరిగా ఆటోలో వచ్చి, గొడుగు నీళ్లు కారుతుండగా ల్యాబులో అడుగుపెట్టింది. పిల్లలు కూర్చునే ఎత్తుపీట మీద కూర్చుని, నడుముకు దోపుకున్న రుమాలు తీసి విప్పింది. అందులో మాత్రల పట్టీ ఉంది.

"నీది కూడా ఇదేనా మోళే?"

ఫెబినా పట్టీ తిప్పి పేరు చదివింది. అదే కఠినమైన మాత్ర. "ఎవరివి?"

"నావి."

"మాష్ ఎప్పుడూ చెప్పలేదు."

"వాడికి తెలిస్తేగా చెప్పడానికి. వాడు పదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ వేసుకుంటున్నా. మాహేలో మా చెల్లి తెచ్చిస్తుంది. వాళ్ల ఉప్పాకి తెలియదు. రసీనాకీ తెలియదు." కుంజీబి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ రోజు నీ ఎదురుగా కూర్చుని నేను కూడా మునిగిపోతున్నా. నేను అజాన్ దాకా ఆగా. నువ్వు ఆగలేదు. ఇంటికి పోయాక అందరూ నీ గురించి ఏదో ఒకటి అన్నారు. నేను మాత్రం మన ఇద్దరిలో బుద్ధిలేనిదెవరా అని ఆలోచిస్తూ కూర్చున్నా."

"ఉపవాసం ఉంటూ ఈ మాత్ర వేసుకుంటున్నారా? ప్రతి ఏడూ?"

"ప్రతి ఏడూ. కళ్లు తిరిగితే వయసు అనేదాన్ని. అందరూ నమ్మేవాళ్లు. ఆడదానికి వయసొచ్చిందంటే ఎవరైనా ఇట్టే నమ్ముతారు."

మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఈసారి కన్నూరు కాదు, తలశ్శేరిలోనే. పరీక్షలయ్యాక డాక్టరు మాత్ర మార్చి, ఈ ఏడు మిగిలిన ఉపవాసాలు మానమన్నాడు. బయటికి వచ్చి వరండాలో కుంజీబి ఏడ్చింది. ఫెబినా ఆమెను ఓదార్చలేదు, పక్కన కూర్చుంది.

"మానినదానికి బదులు రోజుకొక పేదవాడికి అన్నం పెట్టాలి కదా" అంది కుంజీబి చివరికి.

"అవును."

"పెడతాను. పెట్టడం నాకు కొత్తా? కూర్చుని తినడమే కొత్త."

*

పెరున్నాళ్ పండగ సెలవుల తరవాత బడి తెరిచిన రోజు ల్యాబు తలుపు ఎవరో గట్టిగా, వానకంటే గట్టిగా కొట్టారు.

"రండి మాష్."

షమ్మాస్ లోపలికి వచ్చి, గ్రాఫు కాగితాలు అడగడానికి కూడా ధైర్యం లేనివాడిలా నిలబడ్డాడు.

"ఉమ్మ ఇంట్లో చెప్పేసింది" అన్నాడు. "పండగ రోజు. అందరం భోజనానికి కూర్చున్నాం. ఆవిడ వడ్డించలేదు. వచ్చి మా మధ్య కూర్చుంది. 'నేను మాత్ర వేసుకున్నా, ఇప్పుడు తినాలి' అంది. ఉప్పా చాలాసేపు గిన్నెల వైపు చూశాడు, అవి వాటంతట అవే నడిచి వస్తాయేమోనని. చివరికి గరిటె నేనే ఆయన చేతికిచ్చాను. అన్నం కంచంలో కంటే చాప మీద ఎక్కువ పడింది."

ఫెబినా పెదవి కొరుక్కుంది.

"నవ్వండి ఫరవాలేదు. మా రసీనా ఇత్తా చాప మీద పడి నవ్వింది. నేనే నవ్వలేకపోయాను." అతని గొంతు తగ్గింది. "ఇన్నేళ్లూ ఆవిడ వండింది తిన్నాను. ఆవిడేం తింటుందో ఒక్కరోజు కూడా చూడలేదు. అలాంటివాణ్ని, ఇక్కడికొచ్చి మీ గిన్నెలో ఏముందో చూసి పాపపుణ్యాలు తేల్చాను. పైగా క్షమించాను కూడా."

"అవును. చాలా ఉదారంగా."

"ఆ రోజు మీరు అన్న మాట ముందుగదిలోకి వినబడింది. లేచాను. పరదా దాకా వచ్చాను. ఆగిపోయాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. పెద్దవాణ్నయ్యాక ఏ వంటింట్లోకీ వెళ్లలేదు. ఎలా వెళ్లాలో తెలియలేదు."

"పరదా పక్కకి తీసి రావాలి మాష్. దానికి సూత్రమేమీ లేదు."

"తరవాత ముఖం చూపించలేక బెంచీ దగ్గరికి కూడా రాలేదు. అది రెండో తప్పు."

"మూడోది. మొదటిది తలుపు మెల్లగా కొట్టడం."

అతను తల ఎత్తాడు. ఆమె కళ్లలో కోపం వెతికాడు. ఉంది, కానీ ఒంటరిగా లేదు.

"ఉమ్మ ఈ సాయంత్రం మీ ఇంటికి వస్తానంటోంది. ఈసారి కబురు పంపదట, తనే అడుగుతుందట. మీ ఉమ్మతో చాలా మాట్లాడాలట. మీరు వద్దంటే ఆపుతాను."

ఫెబినా బీరువాకు ఆనుకుని నిలబడింది. "వినండి మాష్. ఇది తగ్గిపోయే జబ్బు కాదు. ఇప్పుడు మాత్రలు, రేపు ఇన్సులిన్ కావచ్చు. పిల్లల విషయంలో ముందే డాక్టరుతో మాట్లాడాలి. కొన్ని రోజులు కారణం లేకుండా విసుక్కుంటాను. కొన్ని రోజులు కారణంతోనే విసుక్కుంటాను, ఆ తేడా మీరే తెలుసుకోవాలి. మా ఉమ్మ మీ కోసం రోజూ ముట్టమాల చేస్తుంది. మీరు ముందుగదిలో, నేను వంటింట్లో, అలాంటి కాపురం నేను చేయను. జాలి పడేవాడు నాకు అక్కర్లేదు. కాపలా కాసేవాడు కూడా అక్కర్లేదు."

"ఎవరు కావాలి?"

"అది మీరు చెప్పాలి."

కిటికీ రెక్క మీద వాన సన్నగా జారుతోంది. షమ్మాస్ ఎత్తుపీట ఒకటి లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు. పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లవాడిలా చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఇవాళ ఏం తిన్నారు?" అని అడిగాడు.

"తిన్నాను లెండి."

"తిన్నారా అని అడగలేదు టీచర్. ఏం తిన్నారని అడిగాను."

ఇరవై ఏడేళ్ల జీవితంలో ఈ ప్రశ్న ఫెబినాను డాక్టరు తప్ప ఎవరూ అడగలేదు. తల్లి అడిగినా అది దాచడానికే. ఆమె బీరువా దగ్గరి నుంచి వచ్చి రెండో పీట మీద కూర్చుంది.

"పొద్దున ఒక పుట్టు ముక్క. చిన్నది. శనగల కూర ఎక్కువ" అని మొదలుపెట్టింది. "ఆ తరవాత..."

అతను మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకుండా, చివరిదాకా విన్నాడు.